నందిపేట్‌కి సిగ్నల్ వచ్చిన దారి

మొబైల్ ఫోన్ చరిత్ర ఒకటో తరంతో మొదలవుతుంది. 1979లో టోక్యోలో, 1981లో స్వీడన్, నార్వే వైపు, 1983లో షికాగోలో అనలాగ్ ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. మన జనానికి ఆ తరం రానేలేదు. 1995 జులై 31న కోల్‌కతా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడిన రోజున దేశం నేరుగా రెండో తరంలోకి దిగింది. ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్‌లో తొలి లైసెన్సులు టాటా సెల్యులార్‌కీ, జేటీ మొబైల్స్‌కీ దక్కాయి. ముందు హైదరాబాద్, తర్వాత పెద్ద పట్టణాలు. శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్ పక్కనున్న మా నందిపేట్ వంతు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

నాది టవర్ మెయింటెనెన్స్ పని. నందిపేట్, ఆర్మూర్, బోధన్ వైపు టవర్లెక్కి, షెల్టర్లలో బ్యాటరీలు చూసుకుంటూ, డిష్‌లు సరిచేస్తూ బతికినవాణ్ణి. 2జీ నుంచి 5జీ దాకా ఈ ప్రాంతంలో పైకెక్కిన పెట్టెలు చాలావరకు నా కళ్ల ముందే ఎక్కాయి. ఈ తరాల కథ ఎవరు చెప్పినా ఫోన్ మూల మీద కనిపించే అంకెతో చెప్తారు. తరం మారినప్పుడల్లా గాలిని పంచుకునే పద్ధతి మారిన మాట నిజమే. అయితే ఆ మార్పు పల్లెకి ఎంత అందిందన్నది ప్రతిసారీ టవర్ కింద తేలింది. టవర్ వెనక ఉన్న తీగ, టవర్‌కి వచ్చే కరెంటు, పక్క టవర్‌కి ఉన్న దూరం, ఈ మూడే మా ఊరి అసలు ఫోన్ చరిత్ర.

బూత్ కాలం

మా దగ్గర ఫోన్ అవసరం పుట్టింది సముద్రం అవతల. చెరుకు, పసుపు, బీడీల జిల్లా మాది. నిజాంసాగర్ నీళ్లను నమ్ముకుని 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ ఫ్యాక్టరీ, ఆ కాలువలు చాలామందికి అన్నం పెట్టాయి కానీ అందరికీ పెట్టలేకపోయాయి. బోర్లు ఎండినోళ్లు, అప్పులైనోళ్లు, పొలం లేనోళ్లు దుబాయ్, మస్కట్, సౌదీ బాట పట్టారు. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుడుతూ సంసారం ఈడ్చారు. ఉత్తరం పోయి జవాబు రావడానికి వారాలు పట్టేది. చదువు రానివాళ్లు టేప్ రికార్డర్ ముందు కూర్చుని క్యాసెట్ నిండా మాట్లాడి, సెలవు ముగించుకుని తిరిగిపోయే మనిషి చేతికి ఇచ్చి పంపేవాళ్లు. అవతల నుంచి వచ్చిన క్యాసెట్‌ని ఇల్లంతా చుట్టూ కూర్చుని వినేది.

ఆ దూరాన్ని మొదట తగ్గించింది రేడియో టవర్ కాదు, చిన్న ఎక్స్ఛేంజ్. 1984లో శ్యాం పిట్రోడా ఆధ్వర్యంలో ఏర్పడిన సీ-డాట్ సంస్థ 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజ్‌ని తయారుచేసింది. 1986లో కర్ణాటకలోని కిట్టూరులో మొదటిది పెట్టారు. ఏసీ గది అక్కర్లేదు, దుమ్మును తట్టుకుంటుంది, ఎండను తట్టుకుంటుంది. మన పల్లెల వాతావరణాన్ని ముందు లెక్కలోకి తీసుకుని, ఆ తర్వాత డిజైన్ చేసిన యంత్రం అది. దాని వెనకాలే పసుపుపచ్చ ఎస్టీడీ బూత్‌లు ఊరూరా వెలిశాయి. నిజామాబాద్ కోడ్ 08462 ఈ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చేది.

పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి రాత్రి వేళ బూత్ ముందు బెంచీలు నిండేవి. అద్దాల గదిలో ఎర్ర అంకెల మీటర్ పరుగెత్తుతుంటే మాట్లాడేవాళ్ల కళ్లు దాని మీదే ఉండేవి. దుబాయ్ నుంచి వచ్చే ఫోన్‌కి ఇంకో పద్ధతి. కొడుకు బూత్‌కి చేసి తల్లి పేరు చెప్పి పెట్టేస్తాడు. బూత్ పోరడు సైకిల్ మీద పోయి ఆమెను పిలుచుకొస్తాడు. మళ్లీ ఫోన్ మోగుతుంది. గల్ఫ్‌లో శుక్రవారం సెలవు, ఆ రోజు బూత్ దగ్గర జాతరే. చేతికంటిన తునికాకు దుమ్ము కొంగుకు తుడుచుకుంటూ వచ్చిన తల్లి రిసీవర్ అందుకుని, "బిడ్డా, తిన్నవా?" అని అరిచేది. అంత దూరం వినపడాలంటే గట్టిగా అనాలని ఆమె నమ్మకం.

వంతుల మీద మాట

2002, 2003 సంవత్సరాలు మా పల్లెల ఫోన్ చరిత్రను మలుపు తిప్పాయి. 2002 అక్టోబర్‌లో బీఎస్ఎన్ఎల్ సెల్‌వన్ మొదలైంది. అదే ఏడాది డిసెంబర్ చివర్లో రిలయన్స్ ఇండియా మొబైల్ వచ్చింది. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. అంతకుముందు వచ్చిన కాల్ ఎత్తినా డబ్బులు పోయేవి. మొదట్లో నిమిషానికి 16 రూపాయల దాకా ఉన్న రేటు మా బీడీ కార్మికురాలికి ఊహకందేది కాదు. ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాక దుబాయ్ కొడుకు కొనిచ్చిన ఫోన్‌ను తల్లి పైసా ఖర్చు లేకుండా వాడుకోగలిగింది. ఆ వానాకాలం రిలయన్స్ 501 రూపాయలకే ఫోన్ చేతికిచ్చింది. బూత్‌ల ముందు బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

రెండో తరం ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే నాకు నిజాంసాగర్ కాలువ గుర్తొస్తుంది. ఒకే తూము కింద ఎనిమిది మంది రైతులు ఉంటే వంతులు వేసుకుంటారు, ఒకరి గంట అయ్యాక ఇంకొకరి గంట. జీఎస్ఎంలో 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో పాయకు ఎనిమిది వంతులు. ఆ ఎనిమిదీ కలిపి తిరగడానికి పట్టే కాలం సుమారు 4.6 మిల్లీసెకన్లు. మనం మాట్లాడే మాటను ఫోన్ ముక్కలు చేసి, కుదించి, తన వంతు వచ్చినప్పుడు పంపిస్తుంది. అది చాలా వేగంగా తిరుగుతుంది కాబట్టి చెవికి అంతా ఏకధాటిగా వినిపిస్తుంది.

అప్పట్లో పల్లె టవర్‌ని మేం 'టూ-టూ-టూ సైట్' అనేవాళ్లం. మూడు దిక్కులకు మూడు సెక్టార్లు, ఒక్కో సెక్టార్‌లో రెండు రేడియోలు. అంటే సెక్టార్‌కి పదహారు వంతులు. అందులో ఒకటి రెండు వంతులు టవర్ తన సొంత పనికి, ఫోన్లను గుర్తుపట్టడానికి, కాల్స్ కలపడానికి ఉంచుకుంటుంది. మిగిలిన పద్నాలుగింటిలో సెక్టార్‌కి పద్నాలుగు మంది మాట్లాడగలరు. పదిహేనో మనిషికి 'నెట్‌వర్క్ బిజీ'. దసరా నాడు, బతుకమ్మ నాడు ఊరంతా ఒకేసారి ఫోన్ ఎత్తినప్పుడు జరిగేది అదే.

వంతుల పద్ధతికి దూరంతో ఒక పేచీ ఉంది. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. దూరంలో ఉన్న ఫోన్ మాట ఆలస్యంగా చేరి పక్కవాడి వంతులో పడకూడదు. అందుకని ఎంత ముందుగా పంపాలో టవరే ఫోన్‌కి చెప్తుంది. ఆ లెక్కలో 63 మెట్లే ఉన్నాయి, ఒక్కో మెట్టు దాదాపు 550 మీటర్లు. 35 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఎంత బాగున్నా మామూలు జీఎస్ఎం టవర్ కాల్ కలపదు. మా బ్యాక్‌వాటర్ మీద ఇదంతా కళ్లకు కట్టేది. నీళ్ల మీద చెట్టూ పుట్టా అడ్డం ఉండవు, తరంగం చాలా దూరం సాగుతుంది. చేపలు పట్టేవాళ్ల ఫోన్లు తమ ఊరి టవర్‌ని వదిలి అవతలి ఒడ్డు, ఆదిలాబాద్ వైపు టవర్‌ని పట్టుకునేవి.

బోధన్ వైపు ఇబ్బంది ఇంకోటి. సాలూర దగ్గర మంజీర దాటితే మహారాష్ట్ర. మనుషులకు నది సరిహద్దు, తరంగానికి కాదు. ఇవతలి పొలంలో నిలబడ్డ రైతు ఫోన్ అవతలి టవర్‌ని పట్టుకుంటే అది వేరే సర్కిల్, రోమింగ్ పడేది. తన పొలంలో నిలబడి తన భార్యతో మాట్లాడినందుకు బ్యాలెన్స్ కోసేశారని నాతో మొరపెట్టుకున్నవాళ్లు ఎంతమందో. 2017లో కంపెనీలు దేశంలో రోమింగ్ రుసుం ఎత్తేసేదాకా ఆ అన్యాయం సాగింది. 2014లో రాష్ట్రం రెండైనా స్పెక్ట్రమ్ లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఈనాటికీ ఒకే సర్కిల్.

డిష్ వెనక ఉన్న రెండు మెగాబిట్లు

ఫోన్ మాట నేరుగా చేరేది టవర్ దాకానే. టవర్ నుంచి ఎక్స్ఛేంజ్‌కి పోవడానికి ఇంకో దారి కావాలి. 2జీ రోజుల్లో అది మైక్రోవేవ్ డిష్. టవర్ మీద డప్పులా గుండ్రంగా కనిపించేది అదే. ఒక ఊరి డిష్ ఇంకో ఊరి డిష్‌కి సూటిగా ఎదురు చూడాలి, మధ్యలో ఆర్మూర్ గుట్టలాంటిది అడ్డం రాకూడదు. సరిచేసేటప్పుడు రెండు టవర్ల మీద ఇద్దరం ఎక్కేవాళ్లం. నడుముకు బెల్టు, చేతిలో స్పానర్, రేడియో పెట్టెకు మల్టీమీటర్ తీగ. బోల్టును వెంట్రుకవాసి తిప్పితే మీటర్‌లో వోల్టేజీ మారుతుంది. అది బాగా పెరిగిందని అక్కడే బిగిస్తే పొరపాటు, ఎందుకంటే డిష్‌కి నడిమి పుంజంతో పాటు పక్కన చిన్న పుంజాలుంటాయి, వాటిని సైడ్ లోబ్ అంటాం. దాని మీద ఆగిన లింకు ఎండ ఉన్నంతసేపు నడిచి వాన పడగానే పోతుంది. అందుకే శిఖరం దాటి, కిందికి దిగి, మళ్లీ పైకి వచ్చి, అన్నిటికన్నా పెద్దది ఇదేనని రూఢి చేసుకున్నాకే నట్టు బిగించాలి. గాలి వీస్తుంటే ఆ ఎత్తులో ఈ పనికి చాలా ఓపిక కావాలి.

అంత కష్టపడి కలిపిన దారిలో పోయేది ఎంత? ఒక ఈ-1 లైన్, అంటే సెకనుకు 2 మెగాబిట్లు. మొత్తం టవర్‌కి, మూడు సెక్టార్లకి. మాటలకు అది చాలింది, ఎందుకంటే ఒక్కో మాటకు 13 కిలోబిట్లే కావాలి.

తర్వాత 3జీ వచ్చింది. 2008 చివర్లో ఢిల్లీలో ఎంటీఎన్ఎల్, 2009లో బీఎస్ఎన్ఎల్ మొదలుపెట్టాయి. 2010 వేలం ధరల ప్రకారం ప్రైవేట్, ప్రభుత్వ కంపెనీలు కలిపి 3జీ స్పెక్ట్రమ్‌కి దాదాపు 67,700 కోట్ల రూపాయలు పెట్టాయి. 3జీలో వంతులు లేవు. 5 మెగాహెర్ట్జ్ వెడల్పున్న పాయలో అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఒక్కొక్కరి మాటకు ఒక్కో కోడ్ కట్టి ఉంటుంది. తన కోడ్ తెలిసిన రిసీవర్‌కి మిగతా మాటలన్నీ సన్నటి రొదలా వినిపిస్తాయి. ఎవరూ మరీ గట్టిగా అరవకుండా టవర్ ప్రతి ఫోన్‌కీ సెకనుకు 1500 సార్లు పవర్ తగ్గించు, పెంచు అని చెప్తూ ఉంటుంది. జనం పెరిగే కొద్దీ రొద పెరుగుతుంది, అంచున ఉన్నవాళ్ల మాట మునిగిపోతుంది. పొద్దున అందిన సిగ్నల్ సాయంత్రం అందదు. దీన్ని సెల్ బ్రీతింగ్ అంటాం. పైగా అది ఎక్కువగా 2100 మెగాహెర్ట్జ్‌లో నడిచింది. 900లో నడిచిన 2జీ అంత దూరం పోదు, గోడలు దాటదు. పాత టవర్ల మధ్య దూరం 900కి సరిపడా పెట్టింది, 2100కి మధ్యలో ఖాళీలు మిగిలాయి.

దీనికి తోడు వెనక దారి. గాలిలో 21 మెగాబిట్ల దాకా ఇవ్వగల రేడియో పైన కూర్చుంది, చాలా పల్లె టవర్ల కింద మాత్రం అవే ఈ-1 లైన్లు. 3జీ పల్లెలో తేలిపోయిందని అందరూ అంటారు. తేలిపోయింది సాంకేతికత కాదు, దాని కింద పరవాల్సిన దారి.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ రోజుల్లో షెల్టర్ గది, దానికి ఏసీ, పక్కన డీజిల్ జనరేటర్. గంటలకొద్దీ కోతలు. బ్యాటరీలు చచ్చిపోయి, డీజిల్ బండి ఆలస్యమైతే ఊరికి ఊరే మూగపోయేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైందని అందరూ పంపుసెట్ల గురించే మాట్లాడారు. కరెంటు నిలకడ పెరిగే కొద్దీ మా టవర్లూ బతికాయి. అదే కాలంలో షెల్టర్లు పోయి బయట నిలబడే చిన్న క్యాబినెట్లు వచ్చాయి. రేడియోలు యాంటెన్నా పక్కకే ఎక్కాయి. అంతకుముందు కింది నుంచి పైదాకా లావుపాటి కేబుల్‌లోనే కొంత పవర్ కరిగిపోయేది.

మొహం కనిపించిన తరం

2016 సెప్టెంబర్ 5న జియో మొదలైంది. దేశంలో 4జీ 2012 ఏప్రిల్‌లోనే కోల్‌కతాలో వచ్చినా మా పల్లె మనిషికి తెలిసిన తేదీ ఇదే. 4జీలో గాలిని గళ్లుగా కోస్తారు. 15 కిలోహెర్ట్జ్ సన్నపాయలు పన్నెండు కలిస్తే ఒక దిమ్మ. మిల్లీసెకనుకొకసారి టవర్ ఏ దిమ్మ ఎవరికివ్వాలో నిర్ణయిస్తుంది. వీడియో చూసేవాడికి ఎక్కువ, ఊరికే జేబులో ఉన్న ఫోన్‌కి ఏమీ లేదు. మాట కూడా డేటాలాగే ప్యాకెట్లుగా పోతుంది. ఖాళీగా ఉన్న వంతు వృథా పోవడమనేది లేదు.

ఈసారి వెనక దారి కూడా వచ్చింది. రోడ్ల పక్కన ట్రెంచ్ తవ్వి ఫైబర్ వేశారు. 2011లో కేంద్రం ఆమోదించిన, తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకం గ్రామ పంచాయతీల దాకా ఫైబర్ తెచ్చే పని పెట్టుకుంది. మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన ట్రెంచ్‌లలోనే రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్ గొట్టాలూ వేశారు. 4జీ గెలిచిందంటే ఉచిత డేటా ఒక్కటే కారణం కాదు, నేలలో ఆ గాజుపోగు ఉండడం కూడా కారణం.

ఊళ్లో అది ఎట్లా దిగిందో నేను చూశాను. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు. అందుకని మా పల్లెల్లో ఆడవాళ్లు ఇమో యాప్ నేర్చుకున్నారు. బీడీల చాట ముందు ఫోన్‌ని చెంబుకు ఆనించి, ఆకు కత్తిరిస్తూనే కొడుకుతో మాట్లాడేవాళ్లు. మాట్లాడడమంటే ఏమీ లేదు, అవతల అతను గదిలో వంట చేసుకుంటుంటాడు, ఇవతల ఆమె బీడీలు చుడుతుంటుంది, గంటసేపు లైన్ అట్లా ఉంటుంది. టవర్ దగ్గర పని చేస్తుంటే ఒకామె వచ్చి, "బిడ్డా, ఎప్పుడొస్తది సిగ్నల్? మావోడు డ్యూటీ దిగే యాళైంది" అని అడిగింది. ఆ ప్రశ్న విన్నవాడు ఆ రోజు అన్నం మానేసైనా లైన్ కలుపుతాడు.

పాత తరం పోలేదు. 2016 ఏప్రిల్ 14న జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. పసుపు లాట్‌కి ధర తేలగానే రైతు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్‌కి 2జీ చాలు, కీప్యాడ్ ఫోన్ చాలు. అందుకే ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీని మూసేసి కూడా 2జీని ఉంచుకుంది.

వినపడని మాట

2022 అక్టోబర్ 1న 5జీ మొదలైంది. దాని ముఖ్యమైన పాయ 3.3 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంది, వెడల్పు 100 మెగాహెర్ట్జ్ దాకా. ఇది దిక్కును పంచుతుంది. ఒకే ప్యానెల్ వెనక 64 చిన్న రేడియోలు. అన్నిట్లోంచీ ఒకే సంకేతాన్ని కొద్దికొద్ది తేడాతో వదిలితే, ఒకవైపు అవి కలిసి బలపడతాయి, మిగతావైపుల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ తేడాలు మారుస్తూ పుంజాన్ని ఏ ఫోన్ వైపు కావాలంటే ఆ ఫోన్ వైపు తిప్పొచ్చు. ప్యానెల్ కదలదు, పుంజం కదులుతుంది. ఒకే క్షణంలో, ఒకే పాయలో, బస్టాండ్ దగ్గర ఒకరికీ మార్కెట్ దగ్గర ఒకరికీ వేరువేరు పుంజాలు.

బలహీనత ఫోన్ వైపే ఉంది. పాత 900 జీఎస్ఎం ఫోన్ 2 వాట్ల దాకా గొంతెత్తేది. 4జీ, 5జీ ఫోన్ సాధారణంగా 0.2 వాట్లకు మించదు. ఊరి చివర, ఎదిగిన చెరుకు తోటలో నిలబడితే టవర్ మాట ఫోన్‌కి వినిపిస్తుంది, ఫోన్ మాట టవర్‌కి వినపడదు. గీతలు కనిపిస్తాయి, కాల్ పోదు. రేషన్ షాపులో ఈ-పాస్ మిషన్ మీద వేలు పెట్టిన ముసలవ్వకు 'సర్వర్ రాలేదు' అని చెప్తే, చాలాసార్లు దాని అర్థం ఇదే.

ఈ పల్లె సమస్యను పట్టించుకుని జవాబు వెతికింది మనకు దగ్గర్లోనే. సంగారెడ్డి పక్కన కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం, సంకేతం చెడకుండా ఫోన్ తన యాంప్లిఫయర్‌ని మరింత గట్టిగా వాడుకునే సంకేత పద్ధతిని ముందుకు తెచ్చింది. పై-బై-టూ బీపీఎస్‌కే అనే ఆ పద్ధతికి 5జీ తొలి ప్రమాణంలోనే చోటు దొరికింది. అదే కాలంలో మన దేశ ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్ఐ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ముందు ఒక షరతు పెట్టింది: 5జీ అనిపించుకోవాలంటే 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న టవర్ల మధ్య, నిదానంగా కదిలే పల్లె జనానికి కూడా పనిచేసి చూపాలి. మన పంచాయతీ కేంద్రాలూ వాటి చుట్టుపక్కల ఊళ్లూ ఉన్న తీరును బట్టి వేసిన దూరం అది. 2017 నాటికి ఆ పరీక్ష ప్రపంచ నియమావళిలోకి ఎక్కింది. సీ-డాట్ ఎక్స్ఛేంజ్‌ని ఏసీ గది లేని పల్లె కోసం గీసిన బుద్ధే మళ్లీ పనిచేసిందని నాకనిపిస్తుంది. 2025 సెప్టెంబర్‌లో టీసీఎస్, తేజస్, సీ-డాట్ పరికరాలతో బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ దేశమంతా మొదలైనప్పుడు నేను పొందిన సంతోషానికి కారణం కూడా అదే.

ముందు అడగాల్సింది

ఇప్పుడు 6జీ మాట మొదలైంది. 2023లో అంతర్జాతీయ యూనియన్ దానికి ఒక రూపురేఖ ఇచ్చింది, అందరికీ అన్నిచోట్లా కనెక్షన్ అన్నది అందులో ఒక లక్ష్యం. దాన్ని పల్లెకు దించేది ప్రయోగశాల ఒక్కటే కాదు. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ ఒక్క దెబ్బకు ఫైబర్ తెంపితే ఐదు ఊళ్లు మూగబోతున్నాయి, ఎందుకంటే ఆ ఊళ్లకు రెండో దారి లేదు. తరం ఎన్నోదైనా ఆ తెగిన చోట అతుకు వేసేదాకా అది సున్నాయే.

రోడ్డుకి, నీళ్లకి, కరెంటుకి గ్రామసభలో తీర్మానం పెడతాం. సిగ్నల్‌కి మాత్రం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఊరుకుంటాం. ఇన్నేళ్లు టవర్ కింద నిలబడి నేను తెలుసుకున్నది మా ఊరి సర్పంచులకు, చదువుకున్న పిల్లలకు చెప్పాలని ఇదంతా రాశాను. మీ టవర్‌కి ఫైబర్ ఎన్ని దారుల్లో వస్తుందో అడగండి. కరెంటు పోతే బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుందో అడగండి. ఊరి చివరి ఇంట్లో నిలబడి ఫోన్ చేస్తే ఆ మాట టవర్‌కి వినపడుతుందో లేదో పరీక్ష చేయించండి. ఈ మూడూ సరిగా ఉన్న ఊరికి ఏ తరం వచ్చినా పూర్తిగా అందుతుంది. ఇవి లేని ఊరికి ఫోన్ మీద అంకె మారుతుంది, అంతే.